పవర్ బీఐ రిపోర్ట్ నా దగ్గర 2 సెకన్లు, మేనేజర్ దగ్గర 20: లోపం ఎక్కడ?

మీ మెషీన్‌లో వచ్చిన 2 సెకన్లు క్యాష్‌లోంచి, అంటే ముందే తెచ్చి దాచుకున్న డేటా నుంచి, వచ్చినవై ఉండొచ్చు. మాదాపూర్‌లో మీ మేనేజర్ చూసే 20 సెకన్లే అసలు లెక్క.

1. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో రిపోర్ట్ తెరిచి, ఒక ఖాళీ పేజీ చేర్చండి. ఆ పేజీ మీద ఉండగానే సేవ్ చేసి, ఫైల్ మూసి, మళ్లీ తెరవండి. చాలామంది వదిలేసేది ఇదే. నేరుగా స్లో పేజీలో తెరిస్తే, రికార్డింగ్ మొదలవకముందే విజువల్స్ (చార్టులు, టేబుళ్లు) డేటా తెచ్చేసుకుంటాయి. ఆ తర్వాత వచ్చే అంకెల్ని నమ్మొద్దు.

2. ఒక్కో విజువల్‌కి ఎంత సమయం పట్టిందో చూపే పెర్ఫార్మెన్స్ ఎనలైజర్‌లో స్టార్ట్ రికార్డింగ్ నొక్కి, అప్పుడు స్లో పేజీకి వెళ్లండి.

3. డాక్స్ క్వెరీ (విజువల్ డేటా కోసం పంపే ప్రశ్న) సమయం ఎక్కువైతే మెజర్ (లెక్క ఫార్ములా) లేదా మోడల్ (టేబుళ్లు, వాటి సంబంధాలు) చూడాలి. విజువల్ డిస్‌ప్లే ఎక్కువైతే గీయడంలో ఆలస్యం. 'అదర్' ఎక్కువ కనిపిస్తే టెన్షన్ పడి ఆ విజువల్‌ని మార్చేయకండి, చాలాసార్లు అది మిగతావి పూర్తయ్యేదాకా ఆగిన సమయం. పేజీలో విజువల్స్ తగ్గించండి.

4. బరువైన క్వెరీని కాపీ చేసి, డాక్స్ స్టూడియో అనే విడి టూల్‌లో క్యాష్ క్లియర్ చేసి నడపండి. క్వెరీ సమయం ఎక్కడ పోతోందో చూపే సర్వర్ టైమింగ్స్ ఆన్‌లో ఉంచండి.

ఇక్కడ అంతా బాగుంటే, మేనేజర్ బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో క్వెరీ రిక్వెస్టుల సమయం చూడండి. పవర్ బీఐ సర్వీస్‌లో (బ్రౌజర్‌లో తెరిచే వెర్షన్) 'అబౌట్ పవర్ బీఐ' తెరిస్తే డేటా ఏ రీజియన్‌లో ఉందో తెలుస్తుంది. అది అమెరికాలో ఉంటే హైదరాబాద్ నుంచి ప్రతి క్వెరీ అంత దూరం వెళ్లి రావాలి.