టెక్ సందేహాలు: పాత ఫ్రిజ్ ఉంచాలా, మార్చాలా?

ప్రశ్న: మా ఇంట్లో 165 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉంది. 1998లో కొన్నాం. ఇన్నేళ్లలో ఒక్క థర్మోస్టాట్ మార్చామంతే. మా అబ్బాయి కొత్త ఇన్వర్టర్ ఫ్రిజ్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గి పెరిగేది) తీసుకుందామంటున్నాడు. మెకానికేమో ‘ఇలాంటి కంప్రెసర్ ఇప్పుడు రాదమ్మా, తీసేయకండి’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి, ముందు మీటరు చూడండమ్మా. ఎన్ని యూనిట్లు కాలాయో చూపించే స్మార్ట్ ప్లగ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 16 యాంపియర్లది తీసుకుని, ఫ్రిజ్‌ను దానికి తగిలించి ఒక రోజంతా మామూలుగా వాడుకోండి.

రోజుకు ఒక యూనిట్ కాలిందనుకుందాం. ఏడాదికి 365. కొత్త ఫ్రిజ్ లేబుల్ మీద ఏడాదికి 150 యూనిట్లు అని ఉంటే మీకు మిగిలేది 215. యూనిట్ 5 రూపాయలు వేసుకున్నా వెయ్యి దాటి కొంచెం. 18 వేలు పెట్టి కొన్న ఫ్రిజ్ ఖర్చు ఆ లెక్కన రావడానికి 16 ఏళ్లు దాటుతుంది. అదే రోజుకు 2 యూనిట్లు లాగుతుంటే ఏడాదికి 2,900 మిగులుతుంది, ఆరేళ్లకు డబ్బు తిరిగొస్తుంది. అప్పుడు మీ అబ్బాయి మాటే రైటు.

మీ ఇంటికి గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) వర్తిస్తుంటే ఈ లెక్క మారిపోతుంది. నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే కదా. ఎండాకాలంలో మీ మీటరు 210 దగ్గర ఆగుతుంటే, ఫ్రిజ్ దగ్గర నెలకు తగ్గే 18 యూనిట్లే (ఏడాదికి 215 అంటే నెలకు అంతే) మిమ్మల్ని గట్టెక్కిస్తాయి.

రీడింగ్ ఎక్కువ వచ్చినంత మాత్రాన ఫ్రిజ్ పాడైపోయిందని కాదు. డోర్ రబ్బరు వదులైనా కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట రబ్బరు పట్టడం లేదు. నాలుగు వైపులా ఇలాగే చూడండి. వెనకున్న నల్లటి జాలీకి పట్టిన దుమ్ము కూడా ప్లగ్ తీసేసి దులపండి. ఆ తర్వాత మరోసారి రీడింగ్ చూసుకోండి. రబ్బరు, రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసేది), థర్మోస్టాట్ లాంటి చిన్న రిపేర్లు వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ మార్చేయడం దండగ.

గ్యాస్ సంగతి వేరు. ‘గ్యాస్ అయిపోయింది’ అంటుంటారు గానీ, అది వంట గ్యాస్‌లా వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. ఫ్రీజర్ అంతటా కాకుండా ఒక మూలే మంచు కట్టడం దానికి ఒక గుర్తు. లీకు ఎక్కడో పట్టుకోకుండా గ్యాస్ నింపించుకుంటే మళ్లీ అదే కథ. పైగా మీది 1998 నాటిది కాబట్టి అందులో ఆర్-12 గ్యాస్ ఉండొచ్చు. వెనక ప్లేటు మీద రాసి ఉంటుంది. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మన దేశంలో 2010 నాటికి దాన్ని ఆపేశారు. గోడల లోపలి పైపు లీకైనా, కంప్రెసరే పోయినా ఇక ఖర్చు పెట్టకండి. ముట్టుకుంటే షాక్ కొడుతుంటే మాత్రం ముందు ప్లగ్ తీసేసి, ఎర్తింగ్, వైరింగ్ చూపించాకే మళ్లీ వాడండి.

మెకానిక్ మాటలోనూ నిజం లేకపోలేదు. పాత ఫ్రిజ్‌లో చెడిపోయేందుకు ఉన్నవే నాలుగైదు సామాన్లు. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో కంప్రెసర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి ఉంటుంది. అది పోతే బిల్లు వేలల్లోనే. ‘పదేళ్ల వారంటీ’ అని పెద్దక్షరాలతో రాసేది చాలావరకు కంప్రెసర్‌కే. బోర్డుకు ఎన్నేళ్లు, గ్యాస్ ఛార్జీలు ఎవరివి అన్నది కార్డు తెరిచి చదివాకే డబ్బు కట్టండి.

కొనాల్సే వస్తే స్టార్ల కంటే ఏడాదికి ఎన్ని యూనిట్లన్న అంకె చూడండి. ఈ స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ వాటి నిబంధనలు మధ్యమధ్యలో కఠినం చేస్తుంటుంది, నిరుటి ఐదు స్టార్లు ఈ ఏడు నాలుగో మూడో కావచ్చు. తలుపు మీద తెర, వైఫై ఉన్నవి నేనైతే కొనను. కంప్రెసర్ కంటే ముందు ఆ తెరకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోతాయి. మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీదే, మామూలు మోడల్ చాలు.

ప్రశ్న: కొత్త ఫ్రిజ్ పక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. లోపల మండే గ్యాస్ ఉంటుందట. టెన్షన్‌గా ఉంది.
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: పాత ఫ్రిజ్‌కు వెనకుండే జాలీని ఇప్పుడు చాలా మోడళ్లలో పక్క గోడల్లో దాచేశారు. లోపలి వేడి అక్కడి నుంచే బయటకు పోవాలి, అందుకే పక్కలు కాలతాయి. కొత్తగా ఆన్ చేసిన రోజుల్లో, ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ. గోడకు ఆనించకుండా రెండు పక్కలా నాలుగు అంగుళాలు వదలండి. గ్యాస్ ఐసోబ్యూటేన్, అంటే ఆర్-600ఏ. మండేదే, కానీ ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది పదుల గ్రాముల్లోనే. జాగ్రత్త పడాల్సింది రిపేరప్పుడు. లోపల గ్యాస్ ఉండగా పైపుకు వెల్డింగ్ మంట పెట్టే మెకానిక్‌ను మాత్రం దగ్గరకు రానీయకండి. ఫ్రీజర్‌లో మంచును కత్తితో గీకడమూ వద్దు, పైపుకు కన్నం పడుతుంది.

ప్రశ్న: కొత్త ఫ్రిజ్ మీద ‘స్టెబిలైజర్ అక్కర్లేదు’ అని రాసి ఉంది. పల్లెటూళ్లో నమ్మొచ్చా?
– అనంతపురం జిల్లా రైతు

జవాబు: ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు అన్నది కూడా రాసి ఉంటుంది, అది చూడండి. బోర్లు ఆడే వేళ మీ ఇంట్లో వోల్టేజీ ఎంతకు పడిపోతుందో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఆ హద్దు లోపలే ఉంటే స్టెబిలైజర్ డబ్బులు మిగిలినట్టే, దాటితే పెట్టించాల్సిందే. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే అది సైన్‌వేవ్‌ది (లైన్ కరెంటులాగే సాఫీగా కరెంటు ఇచ్చేది) అయి ఉండాలి.