ముందు ఫ్రీ లెఫ్ట్‌లు మూసేయాలి

మన నగరాల్లో నడిచేవారికీ సైకిల్ తొక్కేవారికీ రోడ్లు సురక్షితంగా ఉండాలంటే మొదట ఏం మార్చాలని మీరు అడిగారు. దానికి జవాబుగా ఎక్కువమంది ఫుట్‌పాత్‌లు, ఫుట్ ఓవర్ బ్రిడ్జీలు, అవగాహన సదస్సులు అని రాశారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చేయవలసిన పని పెద్ద చౌరస్తాలలో ఫ్రీ లెఫ్ట్‌లను, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమవైపు మళ్లిపోయే దారులను మూసివేసి, ఆ మూలల వంపును ఇరుకు చేయడం.

కూకట్‌పల్లి వైపు ఒక చౌరస్తాలో మా అమ్మతో కలిసి కూరగాయలకు వెళ్ళినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, చేతిలో కర్ర ఉంటుంది. ఎదురుగా పాదచారుల సిగ్నల్‌లో పచ్చ బొమ్మ వెలిగింది. కానీ ఆ సిగ్నల్ వర్తించేది అవతలి రోడ్డుకే. అక్కడికి చేరాలంటే ముందు ఫ్రీ లెఫ్ట్ దాటాలి, దానికి ఏ సిగ్నలూ లేదు. ఆటోలు, బైకులు, వాటి వెనక ఒక కాలేజీ బస్సు, ఎవరూ ఆగలేదు. ఎట్టకేలకు మధ్యలో ఉన్న త్రికోణపు దిమ్మె దగ్గరకు చేరాం. దాని చుట్టూ ఇనుప గ్రిల్, లోపల క్రోటన్ మొక్కలు, ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. మొక్కలకు ఉన్న రక్షణ మనుషులకు లేదు, నిలబడడానికి జానెడు చోటు కూడా వదల్లేదు. అమ్మ ఆ గ్రిల్‌ను పట్టుకొని రోడ్డు మీదే నిలబడింది. అప్పటికి ఎర్ర బొమ్మ పడింది.

అదే సమయంలో సైకిల్ క్యారియర్‌కు ఇడ్లీ డబ్బా కట్టుకున్న ఒక పెద్దాయన నేరుగా వెళ్ళవలసిన వాడు, ఎడమవైపు మళ్లే బండ్ల వరుస తన దారికి అడ్డంగా దూసుకుపోతుండటంతో దిగి, సైకిల్‌ను నడిపించుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. మళ్ళీ పచ్చ బొమ్మ పడగానే సైకిల్‌ను అడ్డంగా పెట్టి, "నా పక్కనే రండమ్మా" అన్నాడు. ఆ రోజు అమ్మను రోడ్డు దాటించింది ఆ ఇడ్లీ డబ్బానే అనాలి.

లోపం డ్రైవర్ల సంస్కారంలో కంటే రోడ్డు ఆకారంలోనే ఎక్కువగా ఉంది. వంపు విశాలంగా ఉంటే వేగం తగ్గించకుండానే మళ్ళవచ్చు, డ్రైవర్ చూపు కుడివైపు నుంచి వచ్చే వాహనాల మీదే ఉంటుంది, ఎడమవైపు నడిచే మనిషి ఆ చూపులో పడడు. అదే మూలను ఇరుకు చేసి, దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే, ఎంత తొందరలో ఉన్నవాడైనా బ్రేక్ మీద కాలు వేయక తప్పదు. సైకిల్ తొక్కేవారికి కూడా, తాము నేరుగా వెళ్ళే దారిలోకి వాహనాలు అడ్డొచ్చే బాధ చాలావరకు తీరుతుంది.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి పాదచారుల కోసం అంటారు గానీ, అది కార్లు ఆగకుండా ఉండటానికి కట్టినది. లిఫ్ట్ పనిచేయని రోజున మా అమ్మకు అది గోడతో సమానం. ఇక 2023లో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. చూడముచ్చటగా ఉంది, ఆదివారం ఉదయం తొక్కేవారికి ఆనందమే, కానీ రాత్రి డ్యూటీకి సైకిల్ మీద వెళ్ళే వాచ్‌మన్ ప్రతిరోజూ దాటేది చౌరస్తాలను.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఫుట్‌పాత్ పాదచారుల హక్కు అని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంతోషమే గానీ, ఎంత మంచి ఫుట్‌పాత్ అయినా చౌరస్తా మూలకు వచ్చేసరికి ముగిసిపోతుంది, అసలు గండం మొదలయ్యేది అక్కడే.

ఫ్రీ లెఫ్ట్ మూస్తే ట్రాఫిక్ స్తంభిస్తుందని మా కాలనీ సమావేశంలో కూడా అభ్యంతరం వచ్చింది. నాకు తెలిసి ఆగిపోయేది ఎడమవైపు మళ్లే వాహనాలే, అదీ ఒక సిగ్నల్ సేపు. నమ్మనివారి కోసం సిమెంటు పని పెట్టుకోనక్కరలేదు: నాలుగు ప్లాస్టిక్ కోన్‌లు, కాస్త తెల్ల పెయింటుతో మూలను నెల రోజులు ఇరుకు చేసి చూడవచ్చు, ఆ నెల గడిచేలోగా దిమ్మె చుట్టూ ఉన్న గ్రిల్‌ను మాత్రం తప్పక తీసేయాలి.