లైబ్రరీ మీద ఒక లైసెన్సు, లోపల నాలుగు

ప్రశ్న: మిర్చి కోల్డ్ స్టోరేజీలకు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ మాది. రైతుల బ్యాంకు వివరాల భద్రత కోసం ఒక ఓపెన్ సోర్స్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ (సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే రెడీమేడ్ కోడ్) వాడాం. దాని మీద అపాచీ 2.0 లైసెన్సు అని స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఒక ఎగుమతి సంస్థ మా సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందుకొచ్చింది. వాళ్ల లాయరు మాత్రం లోపల బయటివాళ్ల కోడ్ ఏమేమి ఉంది, దేనికి ఏ లైసెన్సు అని జాబితా అడుగుతున్నారు. లైబ్రరీ లైసెన్సు ఒక్కటే చూపిస్తే చాలదా? లోపల ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఫైలులో పబ్లిక్ డొమైన్ (ఎవరి హక్కూ లేనిది) అని ఉంది. సమాచారానికి వేలిముద్రలాంటి సంఖ్య తీసే ఎండీ5 ఫైలులో ఆర్‌ఎస్‌ఏ కంపెనీ పేరుంది. ఎలిప్టిక్ కర్వ్ లెక్కల ఫైలు ఒకదానిలో అసలేమీ లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలదండీ. ఆ లాయరు మీద విసుక్కోకండి, ఆయన అడగవలసిందే అడిగారు. పై ఫోల్డరులోని లైసెన్సు ఫైలు ఆ ప్రాజెక్టు వాళ్లు తమ సొంత కోడ్ గురించి ఇచ్చిన మాట. ఇతరుల నుంచి తెచ్చుకున్న ఫైళ్ల మీద వాళ్లకు ఆ అధికారం లేదు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీల్లో ఇలాంటి ఫైళ్లు మరీ ఎక్కువ. నలుగురి పరీక్షకూ నిలిచిన కోడ్ ఉండగా ఏఈఎస్‌ను మళ్లీ మొదటి నుంచి రాయడం తెలివైన పని కాదు కనుక, అందరూ అదే తెచ్చి పెట్టుకుంటారు. నేనైతే ఏ లైబ్రరీ చేతికొచ్చినా ముందు చూసేది లైసెన్సు ఫైలు కాదు, ఒక్కొక్క ఫైలు మొదటి పాతిక వరుసలు.

మీ ఏఈఎస్ ఫైలు బహుశా విన్సెంట్ రైమెన్, ఆంటూన్ బోస్సెలార్స్, పాలో బరేటో రాసిన రైన్‌డాల్ (ఏఈఎస్‌కు మూలమైన పద్ధతి) సీ భాషా కోడ్ అయి ఉంటుంది. ఆ పేర్లు పైన ఉన్నాయేమో చూడండి. వాళ్లు దాన్ని పబ్లిక్ డొమైన్‌లో పెట్టారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రసిద్ధ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోనూ అదే ఉంది. దాని గురించి బెంగ వద్దు. మన 1957 కాపీరైటు చట్టం 21వ సెక్షను కూడా రచయిత తన హక్కును వదులుకోవచ్చని చెబుతుంది. కొన్ని దేశాల్లో, ముఖ్యంగా జర్మనీలో, అలా పూర్తిగా వదులుకోవడం కుదరదు. అందుకే ఈ మధ్య చాలామంది ఒట్టి పబ్లిక్ డొమైన్ అని రాయకుండా సీసీ0 అనే క్రియేటివ్ కామన్స్ పత్రం వాడుతున్నారు. హక్కు వదులుకోవడం చెల్లని చోట అది లైసెన్సుగా పనిచేస్తుంది.

ఎండీ5 సంగతి వేరు. 1992లో ఎండీ5 రూపకర్త రివెస్ట్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1321 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంతో పాటు వచ్చిన నమూనా కోడ్ అది. వాడుకోండి, కానీ దాన్ని ప్రస్తావించిన ప్రతి చోటా ఆర్‌ఎస్‌ఏ డేటా సెక్యూరిటీ పేరుతో గుర్తించండి అని ఆ కంపెనీ షరతు పెట్టింది. అంటే మీ కరపత్రంలో దాని మాట ఎత్తితే అక్కడా పేరు రాయాలి. ఇంత ఇబ్బంది పడటం కంటే సోలార్ డిజైనర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ప్రోగ్రామరు విడిగా రాసి పబ్లిక్ డొమైన్‌లో పెట్టిన ఎండీ5 ఉంది, దాన్ని పెట్టుకోండి. అసలు ఎండీ5 మీకెందుకు? వేరువేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 వచ్చేలా చేయవచ్చని 2004లోనే చూపించారు. పాస్‌వర్డులకు గానీ సంతకాలకు గానీ వాడుతుంటే లైసెన్సు మాట తర్వాత, ముందు దాన్ని తీసి పారేయండి.

ఏమీ రాయని ఆ మూడో ఫైలే అసలు చిక్కు. లైసెన్సు రాయలేదంటే ఎవరైనా వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. మన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచన కిందికి వస్తుంది. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు. రచయిత అనుమతి ఇవ్వకపోతే లేనట్టే. లైబ్రరీ మార్పుల చరిత్రలో ఆ ఫైలును ఎవరు, ఏ రోజున చేర్చారో దొరుకుతుంది. వాళ్లకు రాసి అడగండి. జవాబు రాకపోతే ఆ ఫైలు తీసేసి మరో చోటి నుంచి తెచ్చుకోండి.

జాబితాకు ఫోసాలజీ, స్కాన్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కోడంతా వెతికి ఏ ఫైలులో ఏ లైసెన్సు కనబడిందో చూపిస్తాయి. జాబితాను ఎస్‌పీడీఎక్స్ (సాఫ్ట్‌వేర్ భాగాలు, వాటి లైసెన్సులు రాసే నిర్ణీత నమూనా) పద్ధతిలో తయారుచేసి ఇవ్వండి. అది 2021 నుంచి ఐఎస్ఓ ప్రమాణం, లాయరు మారుమాట్లాడరు. అపాచీ భాగానికి లైసెన్సు ప్రతిని జతచేయాలి, మీరు మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి, నోటీస్ ఫైలు ఉంటే దాన్నీ ఇవ్వాలి.

ప్రశ్న: మా ప్రాజెక్టులో జీపీఎల్ (మార్చి పంచినా అదే లైసెన్సు కింద పంచాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) వెర్షన్ 2 కింద ఉన్న ప్రోగ్రామును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కలిపాం. రెండూ ఓపెన్ సోర్సే కదా, అభ్యంతరం ఏమిటని మా మాస్టారిని అడిగితే చరిత్ర చదవమన్నారు.
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ మాస్టారు మంచివారమ్మా. చరిత్ర ఇదీ.

ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ 1995 ప్రాంతంలో ఎస్‌ఎస్‌ఎల్ఈఏవై అనే లైబ్రరీ రాశారు. 1998 చివర్లో అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌గా మారింది. పాత కోడ్ లైసెన్సు అలాగే ఉంది, దాని మీద కొత్త లైసెన్సు వచ్చి చేరింది. వాడేవాళ్లు రెండింటికీ కట్టుబడాలి. దీన్ని ఉపయోగించిన వస్తువు ప్రకటనల్లో ఎరిక్ యంగ్ పేరు వేయాలని ఒక షరతు. లైబ్రరీలో వాడుకున్న భాగానికి క్రిప్టోగ్రఫీతో సంబంధం లేకపోతే ఆ ప్రకటన వాక్యంలో ‘క్రిప్టోగ్రాఫిక్’ అనే మాట వదిలేయవచ్చని రాసి పక్కనే నవ్వు ముఖం గుర్తు పెట్టారు! చట్టపరమైన పత్రంలో నవ్వు ముఖం నేను మరెక్కడా చూడలేదు. ఈ కోడ్‌ను మరో లైసెన్సు కిందికి, జీపీఎల్ కిందికి సైతం, మార్చకూడదని కూడా అందులోనే ఉంది. జీపీఎల్ అదనపు షరతులను ఒప్పుకోదు. అందుకే డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు ఏళ్ల తరబడి, మూల రచయితలు ప్రత్యేక మినహాయింపు రాసిస్తే తప్ప ఈ జోడీని పంచిపెట్టలేదు. డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాముకు అలాంటి మినహాయింపు ఉంది.

2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే తీవ్ర భద్రతా లోపం బయటపడ్డాక ఆ ప్రాజెక్టు ఇల్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. లైసెన్సును అపాచీ 2.0కు మారుస్తామని 2015లో చెప్పి, 2017 మార్చిలో దాదాపు 400 మంది రచయితలకు ఉత్తరాలు రాసింది. జవాబు రాకపోతే మీకు అభ్యంతరం లేదనుకుంటాం అన్నది అందులో ఒక వాక్యం. మౌనం అర్ధాంగీకారం పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో గానీ కాపీరైటులో చెల్లదు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టుకు చెందిన థియో డి రాట్ దీన్ని బహిరంగంగానే తప్పుపట్టారు, నేనూ ఆయన పక్షమే. కాదన్న కొద్దిమంది కోడ్‌ను తీసివేయక తప్పలేదు. చివరకు 2021 సెప్టెంబరులో వచ్చిన 3.0 వెర్షను నుంచి అపాచీ 2.0 అమల్లోకి వచ్చింది. 1.1.1, అంతకు ముందువి పాత లైసెన్సుల కిందే ఉన్నాయి.

ఇక మీ విషయం. అపాచీ 2.0లోని పేటెంటు షరతుల వల్ల అది జీపీఎల్ వెర్షన్ 2తో పొసగదని, వెర్షన్ 3తో పొసగుతుందని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. మీ ప్రోగ్రాము ఫైళ్ల మీద ‘వెర్షన్ 2 లేదా ఆ తర్వాతిది’ అని ఉందా, ఒట్టి వెర్షన్ 2 అని ఉందా చూడండి. మొదటిదైతే వెర్షన్ 3 కింద తీసుకుని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో నిశ్చింతగా కలపండి. రెండోదైతే అదే పని చేసే లైబ్రరీలైన గ్నూటీఎల్ఎస్ గానీ, ఇప్పుడు జీపీఎల్ కింద కూడా దొరుకుతున్న ఎంబెడ్ టీఎల్ఎస్ గానీ తీసుకోండి. మీ కంప్యూటర్‌లో నడుపుకున్నంత వరకు ఇవేవీ అడ్డు రావు. నలుగురికీ పంచిపెట్టే రోజునే లెక్కలోకి వస్తాయి. ప్రాజెక్టు రిపోర్టులో ఈ సంగతికి ఒక పేజీ కేటాయించండి. మీ మాస్టారు మార్కులు వేస్తారో లేదో మాత్రం నేను హామీ ఇవ్వలేను.