వింబుల్డన్ తొలి సోమవారం ఏ మ్యాచ్‌లు చూడాలి?

వింబుల్డన్ తొలి సోమవారం నాడు పదుల కొద్దీ మ్యాచ్‌లు జరుగుతుంటే వేటిని ఎంచుకోవాలి, అగ్రశ్రేణి సీడ్లు (ర్యాంకును బట్టి వరస సంఖ్య దక్కిన మేటి ఆటగాళ్లు) పేరు లేని ప్రత్యర్థులను చిత్తుచేసే తొలి రౌండ్‌ను పనిగట్టుకుని చూడవలసిన అవసరం ఉందా అని మీరు అడిగారు. తప్పకుండా ఉందనే చెబుతాను. అయితే ఆటగాడి పేరు చూసి కాక, అతనికి ఎదురుపడినవారు ఎవరో చూసి మ్యాచ్‌ను ఎంచుకోవాలి. లండన్‌లో ఉద్యోగం చేసిన కాలంలో ఆ సోమవారానికి సెలవు పెట్టి, ముందురోజు సాయంత్రమే వింబుల్డన్ పార్కులోని టికెట్ల క్యూలో చేరి చూసిన మ్యాచ్‌లను, ఆ తర్వాత ఏటా టీవీలో చూస్తున్నవాటిని కలిపి ఆలోచిస్తే నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది.

ముందు డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే పట్టిక సంగతి చూద్దాం. పురుషుల సింగిల్స్‌లో 128 మంది, మహిళల సింగిల్స్‌లో 128 మంది బరిలో దిగుతారు. తొలి రౌండ్‌ను సోమ, మంగళవారాలకు పంచుతారు కాబట్టి, వర్షం అడ్డుపడకపోతే సోమవారం ఒక్కరోజే రెండు విభాగాలకూ కలిపి 64 మ్యాచ్‌లు ఉంటాయి. సెంటర్ కోర్టులో సోమవారం తొలి మ్యాచ్ పురుషుల డిఫెండింగ్ చాంపియన్‌ది (గత ఏడాది విజేతది), మంగళవారం ఆ గౌరవం మహిళల చాంపియన్‌ది. అందువల్ల డ్రా తీసిన శుక్రవారం నాడే, ఆ ఇద్దరు చాంపియన్లు డ్రాలో ఏ సగంలో పడ్డారో చూసుకుంటే, ఏ ఆటగాళ్లు ఏ రోజు ఆడతారో చాలావరకు తేలిపోతుంది.

128 మందిలో 32 మంది సీడ్లు. 2001కి ముందు 16 మందికే సీడింగ్ ఇచ్చేవారు. ఈ 32 మంది మూడో రౌండ్ దాకా ఒకరికొకరు ఎదురుపడకుండా డ్రాలో సర్దుతారు, మిగిలిన 96 మందిని మాత్రం చీటీల పద్ధతిలో ఎక్కడ పడితే అక్కడ వేస్తారు. అంటే ర్యాంకింగ్‌లో వెంట్రుకవాసిలో సీడింగ్ తప్పిపోయిన 33వ ర్యాంకు ఆటగాడు, క్వాలిఫయింగ్‌లో (ముందుగా జరిగే అర్హత పోటీలో) మూడు మ్యాచ్‌లు నెగ్గి వచ్చినవాడు, వైల్డ్ కార్డ్ (నిర్వాహకుల ప్రత్యేక ఆహ్వానం) దక్కిన స్థానిక కుర్రాడు, వీరిలో ఎవరైనా సరే టాప్ సీడ్‌కు తొలి ప్రత్యర్థి కావచ్చు. తొలిరోజు ఆసక్తి అంతా ఈ చీటీలోనే ఉంది. క్వార్టర్ ఫైనల్లో ఎవరు ఎవరితో తలపడతారో ముందే లెక్కలు వేసుకోవచ్చు గానీ, తొలి రౌండ్ జోడీలను ఎవరూ ముందుగా చెప్పలేరు.

చాలామంది మరచిపోయే విషయం ఇంకొకటి ఉంది. సీడ్ సంఖ్య పచ్చిక మీద ఆటగాడి సత్తాను చెప్పదు. 2002 నుంచి 2019 వరకు వింబుల్డన్ పురుషుల సీడింగ్‌లో గ్రాస్ కోర్టు ఫలితాలకు అదనపు పాయింట్లు కలిపి సీడ్లను క్రమంలో పెట్టేవారు. 2021 నుంచి ఆ పద్ధతి తీసేసి, నేరుగా ప్రపంచ ర్యాంకింగ్‌నే అనుసరిస్తున్నారు. ర్యాంకింగ్ అంటే గడచిన 52 వారాల ఆట, అందులో సింహభాగం హార్డ్ కోర్టులదీ మట్టి కోర్టులదీ. కనుక 12వ సీడ్ అని కాగితం మీద కనిపించే ఆటగాడికి ఏడాది మొత్తంలో పచ్చిక మీద నాలుగైదు మ్యాచ్‌ల అనుభవం కూడా లేకపోవచ్చు. తొలిరోజు జాబితా చేతికి రాగానే నేను ముందుగా వెతికేది ఇలాంటి సీడ్లనే. ఫ్రెంచ్ ఓపెన్‌లో చివరిదాకా ఆడి అలసిపోయి, ఆ తర్వాత గ్రాస్ కోర్టు టోర్నీ ఒక్కటీ ఆడకుండా వచ్చిన సీడ్ ఉంటే ఆ మ్యాచ్ పక్కన గుర్తు పెట్టుకుంటాను.

2013 తొలి సోమవారం దీనికి తిరుగులేని ఉదాహరణ. నాదల్ అప్పుడే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు, జర్మనీలో పచ్చిక మీద జరిగే హాలే టోర్నీ నుంచి తప్పుకున్నాడు, పచ్చిక మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా నేరుగా నంబర్ వన్ కోర్టులో అడుగుపెట్టాడు. ఎదురుగా 135వ ర్యాంకులో ఉన్న బెల్జియం ఆటగాడు స్టీవ్ డార్సిస్. పేర్లు చూసి టికెట్ కొన్నవారు గంటన్నరలో ముగిసిపోయే మ్యాచ్ అనుకుని ఉంటారు. డార్సిస్ ఒంటి చేత్తో బంతిని కోసినట్టు కొట్టే బ్యాక్‌హ్యాండ్ స్లైస్ పచ్చిక మీద పడి మోకాలి ఎత్తుకు కూడా లేవకుండా జారిపోతుంటే, బంతి ఎత్తుగా లేవడం మీద ఆధారపడిన నాదల్ ఫోర్‌హ్యాండ్‌కు ఊతం దొరకలేదు. 7-6, 7-6, 6-4తో నాదల్ తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టాడు. మట్టి కోర్టు మీద ఇదే జోడీ తలపడి ఉంటే డార్సిస్‌కు ఒక సెట్ దక్కడం కూడా గగనమయ్యేది. భుజం గాయంతో డార్సిస్ రెండో రౌండ్ ఆడకుండానే వైదొలగవలసి రావడం మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పచ్చిక తొలిరోజు ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ ఫలితాలు ఎందుకు వస్తాయో అర్థమవుతుంది. అక్కడ వాడేది పూర్తిగా రై గడ్డి, దాన్ని 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. రెండో వారానికల్లా బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెంట గడ్డి అరిగి మట్టి తేలుతుంది, పాదానికి పట్టు చిక్కుతుంది. తొలి సోమవారం మాత్రం కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పచ్చగా, కాస్త చెమ్మగా, నున్నగా ఉంటుంది. ఒక ఏడాది బయటి కోర్టులో మొదటి వరసలో, బేస్‌లైన్‌కు సరిగ్గా పక్కన నాకు చోటు దొరికింది. ఒక సీడ్ తొలి రెండు గేమ్‌లలో బంతి కోసం పరుగెత్తి, అలవాటు ప్రకారం పాదాన్ని జార్చి ఆగబోయినప్పుడల్లా మడమ కింద గడ్డి కమిలి, సన్నని ముదురాకుపచ్చ చార పడేది. మూడోసారి అతను నడుము దాకా ఒరిగి చేతిని నేలకు ఆనించాడు. ఆ తర్వాత అతని అడుగులు చిన్నవైపోయాయి, వైడ్‌గా పడిన బంతులను వదిలేయడం మొదలుపెట్టాడు. అవతలివైపు ఆడుతున్న క్వాలిఫయర్ మాత్రం మొదటి నుంచీ గబగబా పొట్టి అడుగులు వేస్తూ, మోకాళ్లు వంచి, బంతి కింద దాకా వంగి కొడుతున్నాడు. స్కోరు బోర్డు మీద ఇంకా తేడా కనిపించకముందే వారి పాదాల్లో ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. సీడ్ ఆ మ్యాచ్‌ను చివరికి గెలిచాడు గానీ, రెండో సెట్ నడిమిదాకా అతను పడిన అవస్థను టీవీ తెర మీద అయితే నేను గమనించి ఉండేవాణ్ని కాను.

ఇంతకీ క్వాలిఫయర్లను తక్కువ అంచనా వేయకూడదని అందుకే అంటాను. ఒక్కో విభాగంలో 16 మంది చొప్పున, అంతకుముందు వారం దగ్గర్లోని రోహాంప్టన్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి వస్తారు. అంటే వారి కాళ్లు పచ్చికకు అప్పటికే అలవాటు పడి ఉంటాయి, గెలుపు రుచి కూడా తాజాగా ఉంటుంది. 2003లో డిఫెండింగ్ చాంపియన్ లేటన్ హెవిట్‌ను సెంటర్ కోర్టులో తొలి మ్యాచ్‌లోనే కంగుతినిపించిన ఇవో కార్లోవిచ్ క్వాలిఫయరే, అతనికి గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో అదే మొదటి మ్యాచ్. తొలి సెట్‌ను హెవిట్ 6-1తో లాగేసుకున్నాడు, తర్వాత 7-6, 6-3, 6-4తో కార్లోవిచ్ గెలిచాడు. ఆరడుగుల పది అంగుళాల మనిషి చేతి నుంచి సర్వీస్ దూసుకువస్తుంటే, ప్రపంచంలోనే గొప్ప రిటర్న్ ఉన్న ఆటగాడు కూడా ఏ వైపు కదలాలో తేల్చుకోలేకపోయాడు. 2019 తొలి సోమవారం 15 ఏళ్ల కోకో గాఫ్ కూడా క్వాలిఫయింగ్ దాటి వచ్చి, వీనస్ విలియమ్స్‌ను 6-4, 6-4తో ఓడించింది. ఆ అమ్మాయి పుట్టకముందే వీనస్ అక్కడ రెండుసార్లు టైటిల్ గెలిచింది. అదే రోజు సీడ్లయిన జ్వెరెవ్, సిట్సిపాస్, నవోమీ ఒసాకా ముగ్గురూ ఓడిపోయారు. వింబుల్డన్ కాకపోయినా ఇక్కడే ఒక మాట చెప్పాలి. అదే ఏడాది యూఎస్ ఓపెన్ తొలిరోజు రాత్రి క్వాలిఫయర్‌గా వచ్చిన మన సుమిత్ నగాల్ ఫెదరర్ మీద మొదటి సెట్‌ను 6-4తో గెలిచినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. తర్వాతి మూడు సెట్లు ఫెదరర్‌వే అయినా, తొలి రౌండ్‌లో క్వాలిఫయర్ ఎలా ఆడతాడో ఆ సెట్ చూస్తే చాలు.

డిఫెండింగ్ చాంపియన్ మ్యాచ్‌ను మాత్రం జోడీతో నిమిత్తం లేకుండా చూడమంటాను. ఆ ఏడాది టోర్నీలో అప్పటిదాకా మ్యాచ్ జరగని సెంటర్ కోర్టు పచ్చిక మీద అతనే మొదట ఆడతాడు, గత ఏడాది విజయం బరువు కూడా భుజాల మీద ఉంటుంది. 2025లో డిఫెండింగ్ చాంపియన్ అల్కరాజ్ ఎదుట 38 ఏళ్ల ఫోగ్నిని నిలిచినప్పుడు ఏకపక్షమనే అందరూ అనుకున్నారు. ఆ రోజు ఎండ 32 డిగ్రీలు దాటింది, వింబుల్డన్ ప్రారంభమైన రోజున అంత వేడి అంతకుముందు ఏ ఏడాదీ నమోదు కాలేదు. 7-5, 6-7, 7-5, 2-6, 6-1తో గెలవడానికి అల్కరాజ్‌కు 4 గంటల 37 నిమిషాలు పట్టింది. ఐదో సెట్లో ప్రేక్షకుల్లో ఒకరు వేడికి సొమ్మసిల్లితే అల్కరాజ్ తానే నీళ్ల సీసా తీసుకుని పరుగెత్తాడు. ఫోగ్నిని ఆ తర్వాత కొద్ది రోజులకే ఆటకు వీడ్కోలు చెప్పాడు. మహిళల్లో 2024లో మార్కెటా వొండ్రుసోవా, జెస్సికా బౌజాస్ మనీరో చేతిలో 6-4, 6-2తో ఓడింది. 1994లో స్టెఫీ గ్రాఫ్ ఓటమి తర్వాత మహిళల డిఫెండింగ్ చాంపియన్ తొలి రౌండ్‌లోనే వెనుదిరగడం అదే మొదటిసారి.

మీరు స్వయంగా వెళ్లే పక్షంలో సెంటర్ కోర్టు టికెట్ దొరకలేదని బాధపడకండి. క్యూలో నిలబడినవారికి సెంటర్, నంబర్ వన్, నంబర్ టూ కోర్టులకు ఒక్కోదానికి దాదాపు 500 టికెట్లు కేటాయిస్తారు, ఆ తర్వాతివారికి బయటి కోర్టుల్లో ఆట చూడనిచ్చే గ్రౌండ్ పాస్ దొరుకుతుంది. తొలిరోజు మటుకు నా ఓటు గ్రౌండ్ పాస్‌కే. సెంటర్ కోర్టులో ఆట మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గానీ మొదలుకాదు, బయటి కోర్టుల్లో ఉదయం పదకొండుకే మొదలవుతుంది. అక్కడ సీడ్లు కాని ఇద్దరి మధ్య జరిగే మ్యాచ్‌లు ఉంటాయి, నా దృష్టిలో ఆ రోజు నాణ్యమైన ఆట వాటిలోనే ఎక్కువ. 40వ ర్యాంకు, 55వ ర్యాంకు ఆటగాళ్లు తలపడితే ఎవరూ ఎవరికీ భయపడరు, బంతి బంతికీ పోరాటమే. పొద్దున్నే ఒక మహిళల మ్యాచ్ చూసి, మధ్యాహ్నం గట్టి సర్వీస్ ఉన్నవాడికీ మంచి రిటర్న్ ఉన్నవాడికీ మధ్య పడిన పురుషుల మ్యాచ్‌లో ఒక్క చోటే కూర్చోవడం నాకు నచ్చే పద్ధతి. ఎడమచేతి వాటం సర్వర్ ఉంటే మరీ మంచిది. అడ్వాంటేజ్ కోర్టు (సర్వీస్ చేసేవాడికి ఎడమవైపు సగం) నుంచి అతను వేసే స్లైస్ సర్వీస్ పచ్చిక మీద జారుతూ ప్రత్యర్థిని ట్రామ్‌లైన్ల (పక్క గీతల) అవతలికి ఈడ్చుకుపోవడం పక్కనుంచి చూడవలసిన దృశ్యం. కోర్టుల మధ్య అస్తమానం తిరుగుతూ ఉంటే ఏ మ్యాచ్ మలుపూ కళ్లబడదు. పైగా ఆటగాళ్లు వైపులు మారే విరామంలో తప్ప లోపలికి రానివ్వరు కాబట్టి సగం రోజు గుమ్మాల దగ్గరే గడిచిపోతుంది.

సాయంత్రం ఏడు దాటాక ఇంకో లెక్క ఉంటుంది. పైకప్పు సెంటర్, నంబర్ వన్ కోర్టులకు మాత్రమే ఉంది, బయటి కోర్టుల్లో వెలుతురు తగ్గగానే ఆట ఆపేసి మర్నాటికి వాయిదా వేస్తారు. 2010లో 23వ సీడ్ ఇస్నర్, క్వాలిఫయర్ మహుట్‌ల తొలి రౌండ్ మ్యాచ్ 18వ నంబర్ కోర్టులో మంగళవారం మొదలై, చీకటి వల్ల రెండుసార్లు ఆగి, గురువారం ఐదో సెట్ 70-68తో ముగిసింది ఇలాగే. ఐదో సెట్లో 6-6 వద్ద సెట్‌ను తేల్చేసే పది పాయింట్ల టై బ్రేక్ 2022 నుంచి అమల్లో ఉంది గనుక అంతటి మారథాన్ ఇక జరగదు, కానీ రెండు సెట్లు సమంగా ఉన్న దశలో ఆగిపోయే మ్యాచ్‌లు ఇప్పటికీ ఉంటాయి. వెనుకబడిన సీడ్‌కు రాత్రి విశ్రాంతి ఎంతో మేలు చేస్తుంది, ఊపు మీదున్న క్వాలిఫయర్‌కు అదే చేటు. కాబట్టి సోమవారం రాత్రి ఆగిపోయిన మ్యాచ్‌లు ఏవో రాసుకుని, మంగళవారం ఆటల జాబితాలో వాటిని ఏ కోర్టుకు, ఏ వేళకు వేశారో మొట్టమొదట చూసుకోండి.