పాముమందు పరిశోధనకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నల్లమల చెంచు పెంటల్లో (అడవి గూడేల్లో) పాముకాటు మొక్కల మీద, నన్నారి షర్బత్ చేసి అమ్మే మహిళా సంఘాల మీద నీ పీహెచ్‌డీ అని మీ అమ్మ చెప్పింది. వీధంతా చాటుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎలకను చూస్తే మంచమెక్కే పిల్లవి, కట్లపాములు తిరిగే చోట మకాం పెడతానంటావు!

కాగితాల సంగతి నీకు తెలిసిందే. అది పులుల అడవి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి చేతికి రాకుండా ఆకు తుంచకు. పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి ముందే చెప్పు.

షర్బత్ భాగం తేలికనుకోకు. నన్నారి పేరుతో రెండు వేర్లు అమ్ముతారు. సుగంధిపాల వేరు సన్నగా, తీగలా గట్టిగా ఉంటుంది. మారేడు కొమ్ములు (బిల్వం కాదు, ఇదీ ఓ తీగ వేరే) వేలంత లావున కండ పట్టి ఉంటాయి; నడిమి పుల్ల తీసేసి పైకండే వాడతారు. వాసన దాదాపు ఒకటే, కాబట్టి ముక్కును నమ్మకు. విషం మీద పరీక్షించిన పేపర్లలో ఎక్కువగా కనిపించేది సుగంధిపాల. సంఘం గోనెసంచిలోంచి వేరు తెచ్చి ఆ పేరు రాసేశావా, థీసిస్ మొత్తం ఇంకో మొక్క మీద నడుస్తుంది. పువ్వో కాయో ఉన్న తీగ ముక్కను పాతపేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, నంబరు వేసి, వృక్షశాస్త్రం వాళ్లతో పేరు ఖాయం చేయించు. మారేడు తీగ అడవిలో తరిగిపోతోంది. తవ్విన చోట మళ్లీ నాటుతున్నారేమో అడుగు. మూత లేకుండా మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది, చక్కెర 65 శాతానికి తగ్గితే సీసా పులుస్తుంది. వాళ్ల నష్టాలు అడిగితే ముందు ఈ రెండూ చూడు.

ఇక ల్యాబులో చాలామంది చేసిన పాత తప్పు ఒకటుంది. నిదానంగా చదువు. విషాన్నీ మొక్క రసాన్నీ ఒకే గొట్టంలో కలిపి, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఎలుకకు ఎక్కిస్తారు. ఎలుక బతుకుతుంది. మందు దొరికిందని పేపరు అచ్చవుతుంది. అడవిలో పాము ముందు కరుస్తుంది కదా, పసరు తర్వాత కదా తాగేది! గొట్టంలో చాలాసార్లు జరిగేది టానిన్ల పని, అంటే చెక్కల్లో, ఆకుల్లో ఉండే వగరు పదార్థాల పని. అవి దాదాపు ఏ ప్రోటీన్‌నైనా పట్టి ముద్ద కట్టిస్తాయి. తంగేడు చెక్కతో తోలు పదును చేసేది ఆ గుణంతోనే. పాము విషం చాలావరకు ప్రోటీనే కాబట్టి గొట్టంలోనే చస్తుంది. నోటితో తాగిన టానిన్ పొట్టలో తిండికి అంటుకుంటుంది, రక్తంలోని విషం దాకా పెద్దగా పోదు.

అందుకని ముందు 10 శాతం ఉప్పు కలిపిన 1 శాతం జెలటిన్ ద్రావణంలో నీ రసం నాలుగు చుక్కలు వెయ్యి. తెల్లగా విరిగితే టానిన్ ఉన్నట్టే. టానిన్‌ను పట్టుకునే పాలీవినైల్ పాలీపైరోలిడోన్ పొడితో దాన్ని తీసేసి, విషంతో మళ్లీ పరీక్షించు. అప్పుడూ గుణం మిగిలితే, జంతు ఎథిక్స్ కమిటీ అనుమతితో, విషం ముందు ఎక్కించి రసం ఆలస్యంగా ఇచ్చే పరీక్షకు వెళ్లు. నోటి ద్వారా కూడా ఇచ్చి చూడు. పక్కనే యాంటీవీనమ్ (ఆసుపత్రిలో ఎక్కించే విషం విరుగుడు) ఇచ్చిన ఎలుకల గుంపు ఉండాలి. మన యాంటీవీనమ్ 1 మి.లీ. నాగుపాము, రక్తపింజర విషాలను 0.6 మి.గ్రా. చొప్పున, కట్లపాము, చిన్నపింజర విషాలను 0.45 మి.గ్రా. చొప్పున విరుస్తుంది. నీ పసరును ఆ గీత పక్కన నిలబెట్టు. నాలుగు విషాలకూ విడివిడిగా చెయ్యి: రక్తపింజర రక్తాన్ని చెడగొడుతుంది, కట్లపాము నరాల కొసల్ని తినేస్తుంది. విషం తమిళనాడులోని ఇరుళుల (పాములు పట్టే గిరిజనుల) సహకార సంఘం లాంటి అనుమతి ఉన్నచోటే కొను.

పెంటలోని నాటువైద్యుడు "నూరుమందిని బతికించా" అంటే అబద్ధమనుకోకు. కరిచింది జెర్రిపోతో నీరుకట్టో కావచ్చు, నాగుపామే అయినా విషం దించకపోయి ఉండొచ్చు. విషం ఎక్కినట్టు ఆసుపత్రి చీటీలో రుజువున్న కేసులే లెక్కించు. పింజర కాటుకు, రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్ష ఎలా చేశారో అడుగు: 2 మి.లీ. రక్తం, కొత్త గాజు గొట్టం. ప్లాస్టిక్‌దో సబ్బుతో కడిగిందో అయితే ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు.

నన్ను నిద్రపోనివ్వనిది నీ నోట్‌బుక్. యూనివర్సిటీ పిల్ల వచ్చి రాసుకుపోయిందంటే, సర్కారే ఒప్పుకుందని ఆ పసరుకు పేరొస్తుంది. మర్నెల ఓ పసివాణ్ని రాత్రి నిద్రలో కట్లపాము కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు, వాపు ఉండదు. పసరు పోసి పడుకోబెడతారు. తెల్లారేసరికి రెప్పలు వాలి ఊపిరి అందదు. నరాల కొసలు పోయాక యాంటీవీనమ్ వాటిని తిరిగి తేలేదు, వెంటిలేటరే దిక్కు. అందుకే ప్రతి ఇంటర్వ్యూ చివర, వైద్యుడి ఎదుటే అడుగు: పాము కరిస్తే 108కి సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, రాత్రి బండి ఎవరిది? పాముకాటుకు నాటువైద్యులు వాడే ఈశ్వరి వేరులో మూత్రపిండాలను చెడగొట్టే, క్యాన్సర్ తెచ్చే పదార్థం ఉందని కూడా చెప్పు. ఆయనకు కోపం వస్తే రానీ, మర్యాదగా చెప్పు. నువ్వు మాత్రం ఏ పసరూ రుచి చూడకు, తల్లీ.

నేల మీద పడుకోకు. మంచం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి. చీకట్లో టార్చి, బూట్లు. యాంటీవీనమ్, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి కనుక్కో. ఆ వివరాలు నాకు పంపాకే బస్సెక్కు.

మామయ్య