చెపాక్‌లో ఒకే ఒక్క టెస్టు ఆడిన యువరాజు

ప్రశ్న: మద్రాసులో జరిగిన మొదటి టెస్టు మ్యాచ్ చూశానని మా తాతగారు తరచూ చెప్పేవారు. "అందులో పటియాలా రాజుగారబ్బాయి ఆడాడురా, తర్వాత రాయబారి కూడా అయ్యాడు" అనేవారు. ఆయన ఎవరండీ? రాజు కొడుకని టీంలోకి తీసుకున్నారా?
- ఒక పాఠకుడు, ట్రిప్లికేన్, చెన్నై

జవాబు: తాతగారు చెప్పింది అక్షరాలా నిజమండీ. ఆయన పేరు యాదవీంద్ర సింగ్. 1934 ఫిబ్రవరిలో చెపాక్‌లో ఇంగ్లండ్‌తో ఆడారు. మన కెప్టెన్ సి.కె.నాయుడు, వాళ్ల కెప్టెన్ జార్డిన్.

రాజు కొడుకు కావడం వల్ల దారి సులువైందంటే కాదనను. తండ్రి భూపిందర్ సింగ్ 1911లోనే జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లొచ్చినవారు, పైగా ఆ రోజుల్లో మన క్రికెట్ చాలావరకు సంస్థానాల డబ్బుతోనే నడిచేది. అయితే ఆ మ్యాచ్ స్కోరు ఒకసారి చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో ఎడమచేతి స్పిన్నర్ వెరిటీ 49 పరుగులకే 7 వికెట్లు తీస్తే మనవాళ్లు 145కి ఆలౌట్ అయ్యారు, ఓపెనర్ నౌమల్ బంతి తగిలి రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటింగుకే రాలేకపోయాడు. అలాంటి మ్యాచ్‌లో ఇరవై దాటీ దాటని ఈ కుర్రాడు మొదట 24, తర్వాత 60 కొట్టాడు. 202 పరుగులతో ఓడిపోయాం, నిజమే, కానీ ఆ 60 మాత్రం సిఫార్సుతో వచ్చినవి కావు. మళ్లీ టెస్టు ఆడనే లేదాయన. నాకైతే అది చాలా బాధ అనిపిస్తుంది.

1938లో తండ్రి పోవడంతో గద్దెనెక్కారు, అదే ఏడాది భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడై 1960 దాకా ఆ బాధ్యత మోశారు. నన్నడిగితే ఆయన చేసిన అసలు పెద్ద పని ఇక్కడే ఉంది. 1949లో ఢిల్లీలోని పటియాలా హౌస్‌లో ఆసియా క్రీడల సమాఖ్య పుట్టింది, మొదటి అధ్యక్షుడు ఆయనే. స్వాతంత్య్రం వచ్చి నాలుగేళ్లు కూడా నిండని దేశంలో 1951 మార్చిలో 11 దేశాల ఆటగాళ్లతో మొదటి ఆసియా క్రీడలు జరిగాయంటే, ఇప్పుడు ఏషియాడ్ మెడల్స్ లెక్కపెట్టుకునే మనం ఆ పేరు గుర్తుపెట్టుకోవాలా వద్దా చెప్పండి! పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఉన్నది కూడా ఆ కుటుంబపు పాత మోతీబాగ్ ప్యాలెస్‌లోనే.

సంస్థానం విలీనమయ్యాక 1956 వరకు పెప్సూకు, అంటే పటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాలు కలిపి ఏర్పరచిన రాష్ట్రానికి, రాజప్రముఖ్‌గా (గవర్నర్ లాంటి పదవి) ఉన్నారు, తర్వాత ఐక్యరాజ్యసమితికి వెళ్లిన మన బృందంలో పనిచేశారు. 1965లో ఇటలీకి, 1971లో నెదర్లాండ్స్‌కు రాయబారి. ఆ ఉద్యోగంలో ఉండగానే 1974 జూన్‌లో హేగ్‌లో కన్నుమూశారు. పంజాబ్ ముఖ్యమంత్రిగా చేసిన అమరీందర్ సింగ్ ఆయన కొడుకే.

ఆ రోజు చెపాక్ ఎలా ఉండేదో, జనం ఎంతమంది వచ్చారో తాతగారు చెప్పినవి ఇంకేమైనా గుర్తుంటే తప్పకుండా రాయండి, వేసుకుంటాం.