ప్లినీ మీద పేపర్ రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. సెమినార్ పేపర్‌కి రోమన్ అధికారి, ఉత్తరాల రచయిత చిన్న ప్లినీని తీసుకోవడం బాగుంది. కానీ నీ ప్లాన్‌లో పుట్టుక, చదువు, పదవులు, మరణం అని వరసగా పెట్టావు. అలా రాస్తే పదవుల జాబితా మిగులుతుంది కానీ మనిషి కనిపించడు. ముందు అతని పదవులు చెక్కిన శాసనం దగ్గర కూర్చో.

అది అతని సొంత ఊరు కోమోలో వేయించినది. మిగిలిన ముక్క ఇప్పుడు మిలాన్‌లో ఉంది. పెళ్లి సంబంధానికి పంపే బయోడేటాలాగే అందులోనూ గొప్పవి ముందు ఉంటాయి. మొదట రోమ్‌లో పెద్ద పదవి అయిన కాన్సుల్, శకునాలు చూసే ఆగర్ పదవి, ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలోని పాంటస్-బిథినియా రాష్ట్రానికి గవర్నర్ పదవి. తర్వాత టైబర్ నది గట్లు, రోమ్ మురుగు కాలువల అజమాయిషీ, రెండు ఖజానాలు, ఆపైన ప్రీటర్, ట్రిబ్యూన్, క్వెస్టర్ అనే అంతకంటే చిన్న పదవులు. ఇంకా కిందికి పోతే కుర్రతనంలో చేసిన సైనిక ఉద్యోగం. కాబట్టి కింది నుంచి పైకి చదువు.

క్వెస్టర్ దగ్గర మాత్రం ఆగు. 'చక్రవర్తి క్వెస్టర్' అని ఉంటుంది, ఏ చక్రవర్తో ఉండదు. గవర్నర్‌గా పంపిన చక్రవర్తి ట్రాజన్ పేరేమో బిరుదులన్నిటితో ఉంది. ఆ పేరు లేనాయన డొమిషియన్. క్రీ.శ. 96లో ఆయన్ని చంపేశాక, శాసనాల్లో ఆయన పేరు చెరిపేయమని రోమ్ పెద్దల సభ సెనేట్ తీర్మానించింది. 100లో కాన్సుల్ అయిన ప్లినీ, ట్రాజన్‌ని పొగుడుతూ చేసిన ప్రసంగంలో, డొమిషియన్ మంచివాళ్ల మీద ద్వేషం బయటపెట్టాక తాను పదవుల్లో ముందుకు పోవడం ఆపేశానన్నాడు. కానీ ఆ రెండు ఖజానాల్లో ఒకటైన సైనిక ఖజానా పదవి డొమిషియన్ చివరి ఏళ్లలోనే వచ్చిందని చాలామంది చరిత్రకారుల వాదన. అబద్ధాలకోరు అని తీర్పు చెప్పేయకు. నియంత చేతి కింద ఎదిగినవాడు ఆ తర్వాత ఆ ఏళ్ల గురించి ఏం చెప్పుకున్నాడు? నీ పేపర్‌కి ఈ ఒక్క ప్రశ్న చాలు.

ప్లినీ ఉత్తరాలు పది సంపుటాలున్నాయి, వాటి విషయంలో ఒక జాగ్రత్త. మొదటి తొమ్మిది సంపుటాలు అతనే ఏరి బయటపెట్టినవి, అంటే ముస్తాబు చేసుకున్న ముఖం. పదోది ట్రాజన్‌తో నడిచిన ఆఫీసు వ్యవహారం. నువ్వు ఎక్కువ సమయం దీనికే ఇవ్వు.

ఇక్కడో తమాషా ఉంది. బిథినియా జనం తమ పాత గవర్నర్లు జూలియస్ బస్సస్, వరేనస్ రూఫస్‌ల మీద రోమ్‌లో కేసులు పెడితే, ఇద్దరి తరఫునా వాదించింది ప్లినీయే! 110 ప్రాంతంలో అదే రాష్ట్రానికి లెక్కలు సరిచేయడానికి వెళ్లాడు. నికొమీడియా ఊరు ఒక నీటి కాలువ మీద 33,18,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) పోసి మధ్యలో వదిలేసింది. సెనేటర్ కావడానికి ఉండాల్సిన ఆస్తే 10 లక్షలు, దాంతో పోల్చి చెబితే వినేవాళ్లకి తెలుస్తుంది. అదే రాష్ట్రంలోని నైసీయా ఊళ్లో కోటికి పైగా మింగిన థియేటర్ పూర్తి కాకుండానే బీటలు వారింది. నికొమీడియాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక 150 మందితో మంటలార్పే దళం పెడతానని అడిగితే ట్రాజన్ ఒప్పుకోలేదు. ఏ పేరుతో గుమిగూడినా చివరికి రాజకీయ ముఠాలే అవుతాయని ఆయన భయం. గవర్నర్ అధికారం ఎంతవరకో చూపడానికి నాకైతే ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

క్రైస్తవులను ఎలా విచారించాలని ప్లినీ ట్రాజన్‌ని అడిగిన ఉత్తరం వదలకు, కానీ పేపర్ మొత్తాన్ని దానికి అప్పగించకు. అందరూ అదే చేస్తారు. వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు లెక్కలోకి తీసుకోవద్దు అన్న ట్రాజన్ జవాబుతో సహా ఒక పేరా ఇస్తే చాలు.

'మరణం' అన్న హెడ్డింగ్ తీసెయ్. భార్య కల్పూర్నియా తాత పోతే ఆమెను సర్కారు బళ్ల పాస్ మీద పంపానని ప్లినీ రాయడం, ఫరవాలేదని ట్రాజన్ అనడం, అక్కడితో ఉత్తరాలు అయిపోతాయి. బిథినియాలోనే పోయాడన్నది ఊహే, ఊహ అనే రాయి.

టెన్షన్ పడకు. డ్రాఫ్ట్ అవగానే పంపు, చూస్తాను.

మీ మావయ్య